దున్నేవాడి‘కే’ భూమా, దున్నేవాడి‘దే’ భూమా?

కృష్ణాతీరం: తెలంగాణ సాయుధ పోరాట కాలపు నినాదం ఒకటి కొన్నాళ్లుగా నన్ను వదలడం లేదు. ‘దున్నేవాడికే భూమి’ అని కొందరూ, ‘దున్నేవాడిదే భూమి’ అని మరికొందరూ రాస్తున్నారు. దానికి జంటగా వచ్చే ‘గీసేవాడికే చెట్టు’ కూడా కొన్నిచోట్ల ‘గీసేవాడిదే చెట్టు’గా కనిపిస్తోంది. 1946-51 మధ్య ఊళ్లలో పలికింది ఏది? 1948లో మద్రాసు ప్రభుత్వం కమ్యూనిస్టుల మీద అణచివేతకు దిగడం వెనకా, అదే ఏడు సెప్టెంబరులో నిజామును లొంగదీసిన సైన్యం ఆ వెంటనే నల్లగొండ, వరంగల్లు పల్లెల మీదికి మళ్లడం వెనకా ఉన్న భయం చాలావరకు ఈ ఒక్క అక్షరంలో ఇమిడి ఉందని నాకు అనిపిస్తోంది.

మూసీవాగు: అది ‘దే’ అనడంలో నాకు సందేహం లేదు. ‘కే’ అన్నప్పుడు ఇచ్చే చెయ్యి ఒకటి వాక్యం వెనక ఉంటుంది. ‘దే’ అన్నప్పుడు భూమి మొదటినుంచీ దున్నేవాడిదే, దొర చేతిలో ఉండటమే అన్యాయం. మూడు వేల గ్రామాల్లో పది లక్షల ఎకరాలు పంచామని పార్టీ చెప్పుకున్న ఆ ఉద్యమం ఎవరినీ అడిగి పంచలేదు. సేద్యం చేసేవాడికి భూమి ఉండాలని కాంగ్రెసు వేసిన కుమారప్ప సంఘం కూడా 1949లో చెప్పింది కనుక, ఢిల్లీని కలవరపెట్టింది ఎవరి అనుమతీ అక్కర్లేదన్న ఆ ‘దే’యే. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టమూ, 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా అడగగా వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన నూరెకరాలూ ‘కే’ వైపువి. కమ్యూనిస్టు భయం తెచ్చిన సంస్కరణలన్నీ ‘ఎవరిది’ అని చెప్పే షష్ఠీ విభక్తిని ‘ఎవరి కోసం’ అని చెప్పే చతుర్థిగా మార్చే ప్రయత్నాలేనని నా సిద్ధాంతం.

పాతబడి: మూసీవాగు గారి సిద్ధాంతం ఇంపుగా ఉంది కానీ వ్యాకరణం దాన్ని మొయ్యదు. ‘కిన్, కున్, యొక్క’ అన్నీ షష్ఠిలోనివే. చతుర్థి ‘కొఱకున్, కై’. ‘వాడికి రెండెకరాలు ఉన్నాయి’ అంటే ఎవరిచ్చారని మనం అడగం కదా. నినాదంలో లోపించిన క్రియ ‘ఇవ్వాలి’ అని మీరు ఊహించారు, ‘చెందుతుంది’ అని పూరిస్తే ఇచ్చే చెయ్యి కనిపించదు. ‘ఘర్మజలానికి ఖరీదు లేదోయ్’ అన్న శ్రీశ్రీ పాదంలోని ‘కి’ దానం పుచ్చుకునే ‘కి’ కాదు.

ఏరువాక: శ్రీశ్రీని తెచ్చారు కనుక దాశరథిని తేకుండా ఉండలేను. నవాబు భోషాణాలు నింపినవాడు రైతేనని చెబుతూ వచ్చి, ‘తెలంగాణము రైతుదే, ముసలి నక్కకు రాచరికంబు దక్కునే’ అని ముగించిన ఆ ఉత్పలమాలలో ‘రైతుకే’ అన్నా గణం చెడదు, ప్రాస కదలదు. ఛందస్సు బలవంతం లేనిచోట కవి ‘దే’ను ఎంచుకున్నాడంటే అది ఆనాటి ఊపిరి. ఆ హక్కు మాట రాచరికం మీద పలికినంతకాలం దేశభక్తి అయింది. 1948 సెప్టెంబరు 17 తరువాత దేశ్‌ముఖుల పొలాల మీద పలికితే రాజద్రోహమైంది. ఈ తేడాను వ్యాకరణంతో కొట్టిపారేయడం నాకు నచ్చదు.

పాతబడి: పద్యం నినాదానికి సాక్ష్యం కాదు. పైగా ‘దున్నేవాడు’ అన్న రూపమే కృష్ణా జిల్లా కరపత్రాల భాష. నల్లగొండ నోట అది ‘దున్నెటోడు’. ‘దున్నెటోనికే’, ‘దున్నెటోనిదే’ అన్న రూపాలను విన్నవాళ్ల సాక్ష్యాలు వెతకకుండా అచ్చులో ఉన్నదాన్ని పట్టుకుని వాదించడం వృథా.

కృష్ణాతీరం: కృష్ణా జిల్లా మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. 1952 శాసనసభ ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో నలభైకి పైగా స్థానాలు గెలిచిన కమ్యూనిస్టు పార్టీ, 1955లో కాంగ్రెసు, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఏకమై నిలిచినప్పుడు, దాదాపు 31 శాతం ఓట్లు తెచ్చుకుని కూడా 196 స్థానాల్లో 15కి పడిపోయింది. ఓట్లు తగ్గకపోయినా, కమ్యూనిస్టులు వస్తారేమోనన్న భయం మిగిలినవాళ్లందరినీ ఒక్కటి చేసింది. అక్కడ ‘కే’, ‘దే’ల కంటే ‘దున్నే’ అన్న మాటే ఎక్కువ పని చేసిందేమో. పాలేరును పెట్టుకుని సాగు చేయించే నాలుగెకరాల ఆసామి దున్నేవాడా, దున్నించేవాడా? తానే దున్నేవాణ్ననుకున్న రైతు ఆ నినాదాన్ని తన హక్కుగా విని ఉంటాడు, దున్నించేవాణ్నని గుర్తుకొచ్చిన రైతు తన పొలానికి ముప్పుగా విని ఉంటాడు.

మూసీవాగు: దున్నించేవాడు కూడా తెలుగులో ‘నేను నాలుగెకరాలు దున్నుతున్నాను’ అనే అంటాడు, ‘దున్నిస్తున్నాను’ అన్న ప్రేరణార్థకం వాడడు. అందుకని ఆ ఆసామిని భయపెట్టింది ‘దున్నే’ కాదు. మళ్లీ ‘దే’ దగ్గరికే రావాలి.