సాయంత్రమైతే ప్రింటర్ "ఆఫ్‌లైన్" అంటోంది, ఫోన్ నుంచి మాత్రం ప్రింట్ వస్తోంది. ఎందుకు?

లెక్కల మేడమ్ (హనుమకొండ):

అందరికీ నమస్కారం. ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు చెబుతాను. మొత్తం పద్నాలుగు మంది. అయిదున్నరకల్లా వస్తారు. వచ్చేసరికి ఒక్కొక్కరి చేతిలో రెండు కాగితాల బిట్ పేపర్ పెట్టాలి, అంటే రోజుకు 28 కాగితాలు. జిరాక్స్ షాపుకు పరుగెత్తే ఓపిక లేక రెండేళ్ల కిందట ఇంక్ ట్యాంక్ ప్రింటర్ కొన్నాం. ఏ కంపెనీదో చెప్పను. ప్రింటు బాగానే వస్తుంది, ఆ విషయంలో దాన్ని తిట్టను.

బాధంతా వైఫైతోనే. పొద్దున మాట వింటుంది. సాయంత్రం మేడ మీద గదిలో కూర్చుని లాప్‌టాప్ నుంచి ప్రింట్ ఇస్తే "ఆఫ్‌లైన్" అని చూపిస్తుంది. పదిహేడు మెట్లు దిగి హాల్లోకి వచ్చి చూస్తే, లైట్లు వేసుకుని దర్జాగా కూర్చుని ఉంటుంది. అప్పుడే ఫోన్ నుంచి ఇస్తే టకటకా కొట్టేస్తుంది! ఫోన్‌కు కనపడేది లాప్‌టాప్‌కు ఎందుకు కనపడదు?

లెక్కల మనిషిని కదా, పదకొండు రోజులు నోటుబుక్కులో రాసి పెట్టాను. ఏడుసార్లు పోయింది. అందులో ఆరుసార్లు అంతకు ముందు కరెంటు పోయి వచ్చింది. ఏడోది ఎందుకో అంతుపట్టలేదు. ఆ ఒక్కరోజు ఫోన్ నుంచి కూడా రాలేదు.

చేసినవన్నీ చెబుతాను. ప్రింటర్‌ను లాప్‌టాప్‌లో తీసేసి మళ్లీ కలిపాను, నాలుగుసార్లు. కలిపిన రోజు పనిచేస్తుంది, మర్నాడు మామూలే. ఇప్పుడు లిస్టులో ఒకే ప్రింటర్ కాపీ 1, కాపీ 2 అంటూ అయిదు పేర్లతో ఉంది. మొన్న దేనికి ఇచ్చానో తెలియదు గానీ, నాలుగు రోజుల కిందటి వర్గ సమీకరణాల పేపర్లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. పిల్లలు నవ్వలేక చచ్చారు. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే "రీసెట్ చేయండి మేడమ్" అన్నారు. చేశాను. అదీ ఒక్కరోజే. లాప్‌టాప్‌లో విండోస్ 11. రౌటర్ ఇంటర్నెట్ వాళ్లు ఇచ్చిందే, హాల్లో టీవీ వెనక ఉంది.


పాత మదర్‌బోర్డు:

యూఎస్‌బీ కేబుల్ కొనుక్కోండి మేడమ్, నూట యాభైలో వస్తుంది. ఈ వైఫై గోల మనకెందుకు?


లెక్కల మేడమ్ (హనుమకొండ):

కేబుల్ పెట్టెలోనే ఉందండీ. లాప్‌టాప్ మేడ మీద, ప్రింటర్ కింద. పదిహేడు మెట్ల మీదుగా కేబుల్ లాగితే ముందు మా అత్తయ్య పడతారు, తర్వాత నేను. పైగా మా పాప ఫోన్ నుంచి ప్రాజెక్టులు తీసుకుంటుంది. కిందికి తెచ్చుకుని గుచ్చి తీయడం అత్యవసరానికి సరే, రోజూ అయితే కష్టం.


కేబులన్న (ఖమ్మం):

మేడమ్, నేను ఇళ్లకు నెట్ కనెక్షన్లు ఇచ్చే పనిలో ఉన్నా. ఇట్లాంటివి వారానికి రెండు మూడు చూస్తా. మీ నోటుబుక్కు సగం పని చేసిపెట్టింది.

"ఆఫ్‌లైన్" అన్న ఒక్క మాట వెనక రెండు వేర్వేరు జబ్బులు ఉంటాయి. ఒకటి, ప్రింటర్ నిజంగానే వైఫై నుంచి పడిపోవడం. రెండోది, ప్రింటర్ వైఫైలోనే ఉంటుంది గానీ లాప్‌టాప్ దాన్ని తప్పు చోట వెతుకుతుంది. మీ ఆరుసార్లూ రెండో రకం. ఫోన్ నుంచి వచ్చిందంటే ప్రింటర్ లైన్‌లో ఉన్నట్టే కదా. ఏడోసారి మొదటి రకం. రెండింటికీ ఒకే మందు వేస్తున్నారు కాబట్టే నిలబడట్లేదు.

తప్పు చోట అంటే ఏమిటో చెప్తా. ఇంట్లో వైఫైకి తగులుకున్న ప్రతిదానికీ రౌటర్ ఒక నంబరు ఇస్తుంది, 192.168.1.4 లాగా. ఆ నంబరు శాశ్వతం కాదు, అద్దెకు ఇచ్చినట్టే. కరెంటు పోయి వచ్చాక చాలా రౌటర్లకు పాత లిస్టు గుర్తుండదు. ప్రింటర్, టీవీ, ఫోన్లు ఎవరు ముందు లేస్తే వాళ్లకు ఖాళీగా ఉన్న నంబరు ఇచ్చుకుంటూ పోతుంది. మీ లాప్‌టాప్ మాత్రం నిన్నటి నంబరు దగ్గరికే పోయి తలుపు కొడుతుంది, అక్కడ ఇప్పుడు ఇంకెవరో ఉంటారు. ఫోన్ అట్లా కాదు, ప్రింట్ ఇచ్చిన ప్రతిసారీ "ఇంట్లో ప్రింటర్లు ఎవరున్నారు?" అని కేకేసి అడుగుతుంది. ప్రింటర్ పలుకుతుంది. అందుకే దానికి దొరుకుతోంది.

నమ్మకపోతే ఈసారి పోయినప్పుడు రెండు నంబర్లు చూడండి. ప్రింటర్ మీద "ఐ" గుర్తు బటన్ ఉంటే నొక్కండి, నెట్‌వర్క్ వివరాల కాగితం వస్తుంది, అందులో ఐపీ అడ్రస్, అంటే రౌటర్ ఇచ్చిన ఆ నంబరు ఉంటుంది. లాప్‌టాప్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్‌లో టిక్ ఉన్న వరుస చూడండి, లాప్‌టాప్ ఏ నంబరు దగ్గర వెతుకుతోందో అక్కడ ఉంటుంది. ఆ కాగితంలో నంబరు 169.254తో మొదలైతే మాత్రం కథ వేరు. రౌటర్ దానికి నంబరే ఇవ్వలేదు, అదే సొంతంగా ఒకటి పెట్టుకుందని అర్థం.

వైఫై లైటు కూడా చూసి రాయండి. నిలకడగా ఉందా, కొట్టుకుంటోందా?


లెక్కల మేడమ్ (హనుమకొండ):

అన్నా, నిన్న నాలుగింటికి కరెంటు పోయింది. ఇంతకుముందు విసుక్కునేదాన్ని, నిన్న మాత్రం ఆత్రంగా ఎదురుచూశాను. వచ్చాక లైటు నిలకడగానే ఉంది. కాగితంలో 192.168.1.7. లాప్‌టాప్ పోర్టులో 192.168.1.4. మరి ఆ నాలుగు ఎవరిదా అని పాప రౌటర్ పేజీలో వెతికి పెట్టింది. టీవీ! ఇన్నాళ్లూ త్రికోణమితి ప్రశ్నపత్రాలు టీవీకి పంపుతున్నాను.

ఇప్పుడేం చేయాలి?


కేబులన్న (ఖమ్మం):

ప్రింటర్‌కు సొంత ఇల్లు రాసి ఇచ్చేయండి.

బ్రౌజర్‌లో 192.168.1.1 అని కొడితే రౌటర్ పేజీ వస్తుంది, పాప ఎట్లాగూ చూసింది. అందులో డీహెచ్‌సీపీ (రౌటర్ నంబర్లు పంచే పద్ధతి) అన్న చోట అడ్రస్ రిజర్వేషన్ అని గానీ స్టాటిక్ లీజ్ అని గానీ ఉంటుంది. ప్రింటర్ మ్యాక్ అడ్రస్, అంటే దాని సొంత గుర్తింపు, ఇందాకటి కాగితం మీదే ఉంది, పన్నెండు అక్షరాలు, అంకెలు. అది వేసి, పక్కన మీకు నచ్చిన నంబరు ఇవ్వండి, 192.168.1.200 అనుకోండి. సేవ్ చేసి ప్రింటర్‌ను బటన్‌తో ఆపి మళ్లీ వేయండి. ఇక కరెంటు వందసార్లు పోయినా అదే నంబరు.

కొన్ని రౌటర్లలో ఆ మెనూ కనపడకుండా దాచేస్తారు. అప్పుడు ప్రింటర్‌లోనే నంబరు చేత్తో పెట్టాలి. దానికంటే ముందు రౌటర్ పంచే నంబర్లను 2 నుంచి 199 దాకా అని కుదించండి. లేకపోతే ఏదో ఒకరోజు అదే 200 ఇంకో ఫోన్‌కు ఇస్తుంది, ఇద్దరూ కొట్టుకుంటారు.

తర్వాత లాప్‌టాప్. ఆ అయిదు పేర్లూ తీసేయండి. కొత్తగా కలిపేటప్పుడు అదే కనిపెట్టి చూపించేదాన్ని ఎంచుకోవద్దు. మాన్యువల్‌గా కలపడం ఎంచుకుని, టీసీపీ/ఐపీ అడ్రస్ అన్నదాంట్లో 192.168.1.200 వేయండి. ఊరికే కలిపితే విండోస్ చాలాసార్లు డబ్ల్యూఎస్‌డీ అనే పోర్టు (ప్రింటర్‌ను తనంతట తానే వెతుక్కునే రకం) పెడుతుంది. దాంతో నాకైతే తలనొప్పే మిగిలింది, కొందరికి ఏళ్ల తరబడి బాగానే నడుస్తుందనుకోండి.

ఇంకొక్కటి. ఇదంతా అయ్యాక కూడా ఆఫ్‌లైన్ అంటే, పోర్ట్స్‌లో కాన్ఫిగర్ పోర్ట్ నొక్కి "ఎస్ఎన్ఎమ్‌పీ స్టేటస్ ఎనేబుల్డ్" ముందున్న టిక్ తీసేయండి. ఎట్లా ఉన్నావని విండోస్ అడిగినప్పుడు ప్రింటర్ బదులివ్వకపోతే, చచ్చిపోయిందని రాసేసుకుంటుంది. టిక్ తీస్తే అడగడం మానేస్తుంది.


తెనాలి అబ్బాయి:

నేను బెంగళూరులో, మా నాన్నగారు తెనాలిలో. ఆయన ప్రింటర్‌ను నేను ఫోన్లో బాగుచేస్తూ ఉంటాను, కాబట్టి మేడమ్ బాధ తెలుసు. ఆ ఏడోసారి గురించి చెబుతాను.

చాలా ఇంటి ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు, 5 తెలియదు. అందులోనూ కొన్నింటికి 1 నుంచి 11 దాకా ఛానెళ్లే (వైఫై సిగ్నల్ నడిచే దారులు) కనపడతాయి. మన దేశంలో 12, 13 కూడా వాడొచ్చు. ఛానెల్‌ను ఆటోలో వదిలేస్తే, చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు ఎక్కువైన రోజు రౌటర్ 13కు ఎగిరి కూర్చుంటుంది. ఫోన్లు దాని వెంట వెళ్లిపోతాయి, ప్రింటర్ ఒక్కటే దారి తప్పుతుంది. మా నాన్నగారి దగ్గర జరిగింది ఇదే. నేను రెండు పండగలకు ఊరెళ్లి కూడా కనిపెట్టలేకపోయాను. 2.4లో ఛానెల్ 1, 6, 11లో ఏదో ఒకటి పెట్టి, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేశాను, అంతే.

రౌటర్‌లో వైఫై సెక్యూరిటీ కొత్త రకం డబ్ల్యూపీఏ3 ఒక్కటే ఉంటే పాత ప్రింటర్లు అసలు ఎక్కవు, డబ్ల్యూపీఏ2 ఉంచండి. 2.4కూ 5కూ వైఫై పేర్లు విడగొట్టాలనిపిస్తే పాత పేరు 2.4కే ఉంచి, కొత్త పేరు 5కు పెట్టండి. నేను తిరగేసి చేశాను. ప్రింటర్, సీసీ కెమెరా, నాన్నగారి టీవీ అన్నీ ఒక్కసారే పోయాయి. ఆ సాయంత్రం ఆయన నాతో మాట్లాడలేదు.

ఇన్వర్టర్ ఉంటే రౌటర్‌ను ఆ లైన్‌లోకి మార్చండి. లేకపోతే రౌటర్ కోసమే చిన్న డీసీ యూపీఎస్ దొరుకుతుంది, అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి కొనండి. రౌటర్ ఆగకపోతే ఈ నంబర్ల గోలే సగం ఉండదు. మీ ఇంక్ ట్యాంక్ ప్రింటర్ తక్కువ కరెంటే తీసుకుంటుంది, దాన్నీ ఇన్వర్టర్ మీద పెట్టొచ్చు. లేజర్ ప్రింటర్ మాత్రం వద్దు, వేడెక్కేటప్పుడు వందల వాట్లు లాగుతుంది.


పాత మదర్‌బోర్డు:

నేను నా కేబుల్ మాట వెనక్కి తీసుకోవట్లేదు గానీ, ఒకటి చెప్పాలి. ఇంక్ ప్రింటర్‌ను గోడ స్విచ్ దగ్గర ఆపకండి, దాని బటన్‌తోనే ఆపండి. అప్పుడే హెడ్ దాని మూత కిందికి వెళ్లి కూర్చుంటుంది. లేకపోతే ఇంక్ ఎండిపోయి గీతలు పడతాయి.


లెక్కల మేడమ్ (హనుమకొండ):

మూడు వారాలైంది, లెక్క అప్పజెబుతున్నాను.

మా రౌటర్‌లో రిజర్వేషన్ మెనూ ఉంది, 200 ఇచ్చాం. అయిదు పేర్లూ తీసేసి ఒక్కటే పెట్టాం. తెనాలి బాబూ, నువ్వు చెప్పింది నిజమే. రౌటర్ పేజీ తెరిచేసరికి ఛానెల్ 13 అని ఉంది, ప్రింటర్ లైటు కొట్టుకుంటోంది. 6 పెట్టి సేవ్ చేశాను. రెండు నిమిషాల్లో లైటు నిలబడింది. పేర్లు విడగొట్టలేదు, అత్తయ్య టీవీ జోలికి వెళ్లే ధైర్యం లేదు. రౌటర్‌కు ఇన్వర్టర్ లైన్ ఎలక్ట్రీషియన్ వచ్చి ఇచ్చాడు.

నోటుబుక్కు ప్రకారం 21 రోజుల్లో కరెంటు పదమూడుసార్లు పోయింది. ప్రింటర్ ఒక్కసారీ పోలేదు. నేను కూడా ప్రింటర్‌ను రాత్రి గోడ స్విచ్ దగ్గరే ఆపేదాన్ని, మానేశాను.

ఒక్కటి మిగిలింది. ప్రింట్ వస్తోంది గానీ, లాప్‌టాప్ నుంచి స్కాన్ చేయబోతే "ప్రింటర్ దొరకలేదు" అంటోంది.


కేబులన్న (ఖమ్మం):

స్కానర్ పోర్టు వేరు మేడమ్, కంపెనీ యాప్‌లో పాత నంబరే ఉండిపోయి ఉంటుంది. యాప్ సెట్టింగ్స్‌లో స్కానర్‌ను తీసేసి 200తో మళ్లీ కలపండి.


లెక్కల మేడమ్ (హనుమకొండ):

వచ్చింది అన్నా. అందులో 192.168.1.4 అనే ఉంది. టీవీని స్కాన్ చేయబోతున్నానన్నమాట.