పెంకుటింటి వరండాకి పిల్లులు దాటని జాలీ: చూరు దగ్గర సందు ఎలా మూయాలి?

మాది పర్లాకిమిడి. పిల్లులు రెండు, ఇక బయటికి వదలం. కుక్కలు, బళ్లు ఒకెత్తు, చేపముక్కల్లో ఎలుకలమందు కలిపి పెట్టే మనుషులు ఒకెత్తు. ఆ మందుల్లో జింక్ ఫాస్ఫైడ్‌కి విరుగుడే లేదు. బ్రోమడియోలోన్‌కి విటమిన్ కె1 ఉంది గానీ, లక్షణాలు బయటపడేసరికే రెండు మూడు రోజులు గడిచిపోతాయి. భారతీయ న్యాయ సంహిత 325 కింద కేసు పెట్టొచ్చు, నిజమే. ముందు పిల్లులు బతకాలి కదా!

వరండాకి అరంగుళం కన్ను, 16 గేజ్ మందం తీగతో జీఐ (జింకు పూత ఇనుము) వెల్డ్ మెష్ అనుకున్నాం. కోళ్ల జాలీ వద్దనుకున్నాం, నైలాన్ వలని కోతులు చింపేస్తాయి.

చిక్కంతా చూరు దగ్గరే. గోడకీ పెంకులకీ మధ్య, వాసాల నడుమ నాలుగంగుళాల సందు. పిల్లికి తల పడితే చాలు, ఒళ్లంతా దూరిపోతుంది. సిమెంటు పెడితే గాలి ఆడదు, పెంకులు సర్దిన ప్రతిసారీ పగలగొట్టాలి. మేకులు కొడితే వానాకాలం తేమకి కర్ర ఉబ్బి, ఎండకి కుంచించుకుని వదులైపోతాయి. స్క్రూ, వాషరు వేసి చెక్కపట్టీతో నొక్కితే నిలుస్తుందా? స్క్రూకీ స్క్రూకీ ఎంత దూరం ఉండాలి? లేక వాసాల కిందే జాలీ కప్పు పరిచేయడం మేలా? పాత పెంకుటిళ్లకి ఈ పని చేసినవాళ్లు కొలతలతో చెప్పండి, దయచేసి.