మెగెల్లన్ జలసంధికి నాలుగు రోజులు: పుంతా అరేనాస్‌లో దిగాలా, ఉషుయాయా నుంచి బస్సు చాలా?

తీరంవైపు: జనవరిలో నాలుగు రోజులు చేతిలో ఉన్నాయి, దక్షిణ అమెరికా కొసన అట్లాంటిక్, పసిఫిక్‌లను కలిపే మెగెల్లన్ జలసంధి చూడాలి. దాని ఒడ్డున చిలీ ఊరు పుంతా అరేనాస్, ఇంకా దక్షిణాన అర్జెంటీనా ఊరు ఉషుయాయా. ఉషుయాయా వెళ్ళేవాళ్ళు పుంతా అరేనాస్ బస్సెక్కితే దారిలో జలసంధి ఎలాగూ దాటుతారు, అదే చాలని కొందరంటున్నారు. కాదు, పుంతా అరేనాస్‌లోనే మకాం పెట్టాలని ఇంకొందరు. మీరేమంటారు?

పటంపిచ్చి: బస్సు చాలండీ. ఉషుయాయా ఉన్నది బీగిల్ చానెల్ మీద, జలసంధి మీద కాదు. కానీ బస్సు ప్రిమేరా అంగోస్తూరా అనే జలసంధి ఇరుకు దగ్గర ఫెర్రీ ఎక్కుతుంది. అక్కడ వెడల్పు నాలుగు కిలోమీటర్ల లోపే, దాటడానికి ఇరవై, ముప్పై నిమిషాలు. మన సఖినేటిపల్లి పంటు లాంటిదే, కాకపోతే లారీలు వరసకట్టే పెద్ద పంటు. బస్సు దిగి పైడెక్ మీదకెళ్ళి నిలబడితే నలుపు తెలుపు కామర్సన్ డాల్ఫిన్లు ఓడ ముందే ఈదుతూ కనబడే అవకాశం బాగా ఉంది. ప్రత్యేకంగా పడవ టికెట్ కొనక్కర్లేదు.

పోటూపాటూ: అరగంట దాటడాన్ని జలసంధి చూడటం అంటే ఎలా మాస్టారూ? మొత్తం పొడవు సుమారు 570 కిలోమీటర్లు. మీ బస్సు దాటేది అట్లాంటిక్ వైపు మూతి, రెండు పక్కలా చదునైన గడ్డి నేల. కొండలు, అడవి, మంచు అన్నీ పుంతా అరేనాస్‌కి దక్షిణాన, పడమరన ఉన్నాయి. పైగా ఆ ఇరుకులో పోటు ప్రవాహం వేగం 8 నాట్లు (గంటకు సుమారు 15 కిలోమీటర్లు) దాటుతుంది. దానికి ఎదురుగాలి తోడైతే ఫెర్రీ ఆపేస్తారు. పదకొండు, పన్నెండు గంటల బస్సు ప్రయాణం గట్టు మీద ఇంకా సాగుతుంది.

వీసా సంగతి కూడా చూసుకోండి. అర్జెంటీనాలోనే ఉన్న రియో గాయెగోస్ నుంచి ఉషుయాయాకి రోడ్డున వెళ్ళినా మధ్యలో చిలీ నేల తగులుతుంది. అర్జెంటీనాది సింగిల్ ఎంట్రీ అయితే బయటికొచ్చాక మళ్ళీ లోపలికి వెళ్ళలేరు.

పటంపిచ్చి: వీసా మాట ఒప్పుకుంటా. గాలి మాట మాత్రం రెండు వైపులా ఒకటే కదా. పుంతా అరేనాస్‌లో కూర్చున్నా రేవు మూసేస్తే మీ పడవా కదలదు.

పోటూపాటూ: కదలదు. అందుకే నాలుగు రోజులూ అక్కడే ఉండమనేది. పడవ పని మొదటి రోజే పెట్టుకుంటే, రద్దయినా ఇంకా మూడు రోజులుంటాయి. చాలామంది చివరి రోజుకి పెట్టుకుని డబ్బు వాపసు తీసుకుని విమానమెక్కుతారు. మూసివేత నిర్ణయం పడవవాళ్ళది కాదు, నౌకాదళం కింది రేవు అధికారులది. చిన్న పడవలకే మూస్తారు ఒక్కోసారి, ఒక్కోసారి అన్నిటికీ. కాబట్టి పెంగ్విన్లుండే మగ్దలేనా ద్వీపానికి త్రెస్ ప్వెంతెస్ రేవు నుంచి వెళ్ళే పెద్ద ఫెర్రీయే మేలు: పోవడానికి సుమారు రెండు గంటలు, ద్వీపం మీద గంట. స్పీడ్‌బోటు తొందరగా చేరుస్తుంది గానీ ముందు ఆగిపోయేదీ అదే.

లైట్‌హౌస్: మగ్దలేనాలో తాడు కట్టిన దారిలోనే నడవాలి, కొనకి 1902 నాటి దీపస్తంభం. పెంగ్విన్ అడ్డొస్తే మీరే ఆగాలి. మార్చి దాటితే అవి వెళ్ళిపోతాయి. గాలి తగ్గేది చలికాలంలో, అప్పుడేమో పెంగ్విన్లుండవు!

కింగ్ పెంగ్విన్లు కావాలంటే వేరే కథ: జలసంధి అవతలి ఒడ్డునున్న పోర్వెనీర్ ఊరికి ఫెర్రీ రెండు గంటలకు పైనే, అక్కడినుంచి బహియా ఇనూతిల్ అనే అఖాతం తీరం. అక్కడి పెంగ్విన్ పార్కు సోమవారం మూసి ఉంటుంది, ముందే బుక్ చేసుకోవాలి. కాబో ఫ్రొవార్డ్, అంటే ఖండం ప్రధాన భూభాగపు దక్షిణపు కొస, నాలుగు రోజుల ప్లాన్‌లో పెట్టకండి. ఆ నడకకే నాలుగైదు రోజులు కావాలి, దారిలో నదులు పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయం చూసి దాటాలి, లేకపోతే నడుంలోతు చల్లనీళ్ళు. బదులుగా 1843 నాటి ఫ్వెర్తే బూల్నెస్ కోట ఒక పూటలో అయిపోతుంది, సుమారు 60 కిలోమీటర్లు.

తీరంవైపు: కారు తీసుకుంటే?

లైట్‌హౌస్: తీసుకోండి, తలుపుతో జాగ్రత్త. ముందుభాగం గాలికి ఎదురుగా ఉండేలా ఆపి, ఒక్కొక్క తలుపే పట్టుకుని తీయాలి. రెండూ ఒకేసారి తీస్తే గాలి లోపల దూరి కీలు విరగ్గొడుతుంది, ఆ నష్టం చాలా ఇన్సూరెన్సుల్లో రాదు. అర్జెంటీనాలోకి తీసుకెళ్ళాలంటే అద్దెవాళ్ళ అనుమతి పత్రం ముందే చేయించాలి. గొడుగు ఇంట్లోనే వదిలేయండి, గాలి చొరబడని పైకోటు చాలు.

పటంపిచ్చి: సరే, జలసంధే లక్ష్యమైతే పుంతా అరేనాస్. ఎలాగూ ఉషుయాయా వెళ్ళేవాళ్ళకి మాత్రం బస్సే, ఆ మాట మీద ఉన్నా.

లైట్‌హౌస్: ఇంకొకటి. చిలీలోకి పళ్ళు, తేనె, విత్తనాలు తీసుకురానివ్వరు. ఆవకాయ, పొడులు ఉంటే ఫారంలో ఉన్నట్టు రాయండి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే జరిమానా.