అప్‌డేట్: పాప ఫారంలో 14 వచ్చిందని అడిగాను కదా

పోయిన నెల అడిగింది నేనే. అనంతపురం, పాప పదో తరగతి. స్కూల్లో నింపించిన తొమ్మిది ప్రశ్నల ఫారంలో 27కి 14 వచ్చింది, ఇది డిప్రెషనేనా అని.

డాక్టర్‌కి చూపించాం. ఆ ఫారం పేరు పీహెచ్‌క్యూ-ఎ అట, డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే పెద్దవాళ్ల ఫారం పీహెచ్‌క్యూ-9నే పిల్లలకు తగ్గట్టు మార్చారు. గడిచిన రెండు వారాల సంగతే అడుగుతారు, ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3. మొత్తం 10 దాటినంత మాత్రాన జబ్బని తేల్చరట, కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలట. మొదటి ప్రశ్నలో దిగులుతో పాటు చిరాకూ ఉంది. నేనేమో ఇన్నాళ్లూ ఆ చిరాకును పొగరనుకున్నా.

నన్ను బయట కూర్చోమని మళ్లీ నింపించారు. ఈసారి 17. స్కూల్ కాగితం తీసి చూస్తే, చచ్చిపోతే బాగుండనిపిస్తోందా అని అడిగే తొమ్మిదో ప్రశ్న దగ్గర 1 చెరిపి 0 పెట్టిన మరక. పక్క బెంచీ పిల్ల తొంగి చూస్తోందని చెరిపేసిందట. ఆ మాట విన్నాక నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ఇప్పుడు వారానికోసారి కౌన్సెలింగ్. మందులింకా రాయలేదు. శెనక్కాయ చేనుకని తెచ్చిన పురుగుల మందు డబ్బాలు ఆ రోజే ఇంట్లోంచి తీసేశాం. రాత్రిపూట ఏదైనా అనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయమన్నారు. నంబరు పాపే తన నోట్‌బుక్ అట్ట మీద రాసుకుంది.