తెలుగు డీటీపీ సెంటర్‌కి వీజీఏ కేబులా, హెచ్‌డీఎంఐ కేబులా?

గాజువాక డీటీపీ:
12 సిస్టమ్‌ల డీటీపీ సెంటర్. మానిటర్లన్నీ 22 అంగుళాలవి, 1920×1080. సీపీయూల వెనకా మానిటర్ల వెనకా బొమ్మని మానిటర్‌కి పంపే వీజీఏ, హెచ్‌డీఎంఐ రెండు పోర్టులూ ఉన్నాయి. ఇంతకాలం డబ్బాలో వచ్చిన నీలం పిన్ను వీజీఏ కేబుళ్లే నడుస్తున్నాయి. అక్షరానికి కుడిపక్క నీడ పడుతోందని, సాయంత్రానికి కళ్లు లాగేస్తున్నాయని ఆపరేటర్లు చెబుతున్నారు. సరేనని ఒకదానికి హెచ్‌డీఎంఐ పెడితే ఇంకా అన్యాయం. నలుపు బూడిదరంగులో ఉంది, టాస్క్‌బార్ సగం తెర బయటికి పోయింది, అక్షరాల అంచులు మసక. 12 కేబుళ్లు కొనాలా, ఉన్నవాటితో సర్దుకోవాలా?

సోల్డర్ మర్రిపాలెం:
కొనకండి. కుడిపక్క నీడ అంటే సిగ్నల్ కేబుల్ చివర తిరిగి కొట్టుకుని ఆలస్యంగా మళ్లీ వస్తోందని అర్థం. వీజీఏలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటికీ 75 ఓమ్‌ల కోయాక్స్, అంటే చుట్టూ లోహపు కవచం ఉన్న తీగ, విడివిడిగా ఉండాలి. చౌక కేబుల్లో మామూలు తీగలు వేసేస్తారు. దుకాణంలో 3+6 కేబుల్ అని అడగండి, అంటే మూడు కోయాక్స్, ఆరు తీగలు. 3+2 ఇస్తే తీసుకోకండి. మధ్యలో ఎక్స్‌టెన్షన్ గానీ స్ప్లిట్టర్ గానీ ఉంటే తీసేయండి, నీడకి సగం కారణం ఆ అతుకులే.

తర్వాత మానిటర్‌ని అరగంట వెలగనివ్వండి. ఒక పిక్సెల్ నలుపు, ఒక పిక్సెల్ తెలుపు నిలువు గీతలున్న బొమ్మ తెర నిండా పెట్టి మానిటర్ మెనూలోని ఆటో నొక్కండి. నల్ల వాల్‌పేపర్ మీద నొక్కితే మానిటర్‌కి అంచు ఎక్కడుందో దొరకదు, బొమ్మ పక్కకి జరిగిపోతుంది. అప్పటికీ లావు నిలువు పట్టీలు కనిపిస్తే అదే మెనూలో క్లాక్ తిప్పండి, అవి పోయేదాకా. తర్వాత ఫేజ్, అంటే పిక్సెల్‌ని ఏ క్షణంలో కొలవాలన్న సెట్టింగ్, ఒక్కో అంకె మార్చండి, గీతల వణుకు ఆగే చోట వదిలేయండి. ఒక్కో మానిటర్‌కి పది నిమిషాల పని.

పెదవాల్తేరు పిక్సెల్:
పది నిమిషాల పని 12 మానిటర్లకి చేసి, గ్రాఫిక్స్ కార్డో రిజల్యూషనో మారిన ప్రతిసారీ మళ్లీ చెయ్యాలి. ఆ పని అసలెందుకు పుడుతుందో చూడండి. వీజీఏ 1987లో ఐబీఎం పీఎస్/2 కోసం వచ్చింది, పాతకాలపు లావు మానిటర్లలోని సీఆర్‌టీ గొట్టం నడపడానికి. ఎల్‌సీడీ డిజిటల్, కార్డులో ఉన్న బొమ్మా డిజిటల్, రెండూ అంకెల లెక్కే. మధ్యలో కార్డు దాన్ని అనలాగ్, అంటే హెచ్చుతగ్గుల వోల్టేజి, చేస్తుంది, మానిటర్ మళ్లీ డిజిటల్ చేస్తుంది. 1920×1080, 60 హెర్ట్జ్ దగ్గర పిక్సెల్ క్లాక్ 148.5 మెగాహెర్ట్జ్. అంటే ఒక్కో పిక్సెల్‌కి దాదాపు 6.7 నానోసెకన్లు. ఆ లోపల సరిగ్గా మధ్యలో కొలిస్తేనే అక్షరం నిలబడుతుంది. పూర్తి సిగ్నల్ 0.7 వోల్టులు, దాన్ని 256 మెట్లు చేస్తే మెట్టుకి మూడు మిల్లీవోల్టులు కూడా రావు. పక్కనే పవర్ కేబుల్ చుట్ట చుట్టి ఉంటే ఇక చెప్పేదేముంది. ఈ మార్పిడి రెండుసార్లు చేయడం వల్ల లాభం ఒక్కటి చెప్పండి.

కంచరపాలెం చిన్నా:
నాది వీజీఏయే. 18.5 అంగుళాలది, 1366×768. బ్రహ్మాండంగా ఉంది.

పెదవాల్తేరు పిక్సెల్:
సెట్టింగ్స్‌లో 1366 ఉందో 1360 ఉందో చూడండి. 1366ని 8తో భాగిస్తే శేషం లేకుండా పోదు. అందుకే వీజీఏ మీద చాలా కార్డులు 8తో భాగింపబడే 1360 ఇస్తాయి, మానిటర్ దాన్ని సాగదీస్తుంది. అక్కడక్కడా నిలువుగీత లావుగా కనిపించేది అందుకే.

సోల్డర్ మర్రిపాలెం:
అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. గాజువాక గారు హెచ్‌డీఎంఐ పెట్టి చూశారు, వీజీఏ కన్నా అధ్వానంగా వచ్చింది. రెండు వైపులా డిజిటలే అన్నారు కదా, మరి టాస్క్‌బార్ ఎక్కడికి పోయింది గురూ?

ఉప్పుగాలి భీమిలి:
బంగారు పూత లేని కేబుల్ అయి ఉంటుంది. మన ఊరి గాలికి బంగారు పూత లేకపోతే ఏ కేబులైనా ఆరు నెలలే.

పెదవాల్తేరు పిక్సెల్:
పూతకీ ఈ లక్షణాలకీ సంబంధం లేదు. డిజిటల్‌లో కాంటాక్ట్ పాడైతే మెరుపు చుక్కలు వస్తాయి, తెర క్షణం ఆరి వెలుగుతుంది, లేదా నో సిగ్నల్. మసకబారడం ఉండదు.

జరిగిందేమిటంటే, హెచ్‌డీఎంఐ 2002లో టీవీల కోసం పుట్టింది. ఆ పోర్టుకి పెట్టగానే కొన్ని కార్డులు మానిటర్‌ని టీవీ అనుకుంటాయి. టీవీ లెక్కలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది, కంప్యూటర్ లెక్కలో 0 నుంచి 255. కార్డు టీవీ లెక్కలో పంపి మానిటర్ కంప్యూటర్ లెక్కలో చదివితే నలుపు బూడిదవుతుంది. అంచు పోవడం ఓవర్‌స్కాన్. బొమ్మని కాస్త పెద్దది చేసి అంచు కోయడం వల్ల ప్రతి పిక్సెల్ పక్కదానితో కలిసిపోతుంది, అదే మీ మసక. రంగుని వైసీబీసీఆర్ 4:2:2లో, అంటే రంగు వివరం సగానికి తగ్గించే పద్ధతిలో, పంపుతుంటే రంగు అక్షరాల అంచులు ఇంకా చెదురుతాయి.

ఎన్‌విడియా అయితే కంట్రోల్ ప్యానెల్‌లో చేంజ్ రిజల్యూషన్‌కి వెళ్లి, టీవీ జాబితాలోది కాకుండా పీసీ అని ఉన్న జాబితాలోని 1920×1080 తీసుకోండి. కింద ఆర్‌జీబీ, ఫుల్ పెట్టండి. ఇంటెల్‌లో క్వాంటైజేషన్ రేంజ్ ఫుల్. ఏఎండీలో హెచ్‌డీఎంఐ స్కేలింగ్ సున్నా. మానిటర్ మెనూలో ఓవర్‌స్కాన్ ఆఫ్, కొన్నిట్లో 1:1 అని ఉంటుంది. షార్ప్‌నెస్ ఒక్కో ఇన్‌పుట్‌కి వేరుగా గుర్తుంటుంది, అదీ చూసుకోండి.

ఉప్పుగాలి భీమిలి:
పూతతో సంబంధం లేదంటే ఎలా? వీజీఏ పిన్ను చుట్టూ ఉండే రేకు తుప్పు పట్టి స్క్రూలు ఊడిరాక, తిప్పితే పోర్టు పక్కన ఉండే షట్కోణపు నట్టుతో సహా బయటికొస్తుంది. సముద్రం పక్కన ఉన్నవాళ్లకి తెలుస్తుంది.

సోల్డర్ మర్రిపాలెం:
నట్టు సంగతి నిజం. 5 మిల్లీమీటర్ల నట్ డ్రైవర్‌తో మళ్లీ బిగించొచ్చు. పిన్నులకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పెట్టి తుడవాలి, కొబ్బరినూనె రాయకండి, దుమ్ము పట్టుకుంటుంది. పూత వల్ల తుప్పు ఆలస్యమవుతుంది, బొమ్మ మారదు.

అక్కయ్యపాలెం వైరింగ్:
అసలు ప్రమాదం ఎవరూ అనలేదు. హెచ్‌డీఎంఐ పోర్టులు కాలిపోతాయి. రెండు మదర్‌బోర్డులకి హెచ్‌డీఎంఐ పోయింది, దుకాణం వారంటీ లేదు పొమ్మంది. అవే బోర్డుల మీద వీజీఏ ఇప్పటికీ నడుస్తోంది.

సోల్డర్ మర్రిపాలెం:
వింటున్నారా పిక్సెల్ గారూ?

పెదవాల్తేరు పిక్సెల్:
వింటున్నాను. ఆ బోర్డులకి ఎర్త్ ఉందా?

అక్కయ్యపాలెం వైరింగ్:
మూడో రంధ్రం ఉంది. దాని వెనక తీగ లేదు.

పెదవాల్తేరు పిక్సెల్:
దొరికింది. ఎర్త్ లేకపోతే ఎస్‌ఎంపీఎస్‌లోని (కంప్యూటర్ పవర్ సప్లై) ఫిల్టర్ కెపాసిటర్ల వల్ల క్యాబినెట్ మీద మెయిన్స్‌లో సగం, దాదాపు 115 వోల్టులు తేలుతుంది. కరెంటు చాలా తక్కువే, చేతికి జిల్లుమంటుంది. స్విచ్ వేసి ఉండగా కేబుల్ గుచ్చితే ఆ తేడా ముందు డేటా పిన్నుల మీదికి దూకొచ్చు. హెచ్‌డీఎంఐ పిన్నులు నేరుగా చిప్‌లోకి వెళ్తాయి, అందుకే త్వరగా పోతాయి. మల్టీమీటర్‌తో చూడండి: సాకెట్‌లో కరెంటు ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య, ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య దాదాపు ఒకే 230 రావాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు దాటకూడదు. అది సరిచేసే వరకు సీపీయూ, మానిటర్ రెండు ప్లగ్గులూ పీకి కేబుల్ పెట్టండి. ఇది కేబుల్ తప్పు కాదు.

సోల్డర్ మర్రిపాలెం:
ప్రతిదానికీ కేబుల్ తప్పు కాదు, మనిషి తప్పు. సెట్టింగ్ తప్పు, ఎర్త్ తప్పు, ప్లగ్ పీకకపోవడం తప్పు. వీజీఏకి మాత్రం ఫేజ్ తిప్పాల్సి వస్తే వెంటనే పాత చెత్త, పారెయ్. ఇదేం న్యాయం?

పెదవాల్తేరు పిక్సెల్:
పారెయ్ అని ఎక్కడన్నాను? ఆ మాట చూపించండి.

సోల్డర్ మర్రిపాలెం:
మీరు అనలేదు, ఊరంతా అంటోంది. 2010 డిసెంబర్‌లో ఇంటెల్, ఏఎండీ, డెల్, లెనోవో, శాంసంగ్, ఎల్‌జీ కలిసి 2015కల్లా వీజీఏ ఆపేస్తామన్నాయి. మంచిదే. కానీ వీజీఏ ఒక్కటే ఉన్న మానిటర్లు ఇంకా లక్షణంగా వెలుగుతున్నాయి. బ్యాక్‌లైట్ బాగుంది, ప్యానెల్ బాగుంది, పోర్టు పాతదని కిలోల లెక్కన తుక్కుకి వేస్తున్నారు. వీజీఏ కేబుల్ పోతే 15 పిన్నుల కనెక్టర్ కొని సోల్డర్ చేసి ఇవ్వొచ్చు. హెచ్‌డీఎంఐ కేబుల్ పోతే బాగుచెయ్యడం చాలా కష్టం. నా గొడవ బొమ్మ గురించి కాదు. బాగున్న వస్తువుని బాగులేదనడం గురించి.

పెదవాల్తేరు పిక్సెల్:
ఆ మాట మొదటే అని ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. నాదీ చెబుతాను. ఇంగ్లీషు అక్షరం కాస్త మసకైనా మాట తెలిసిపోతుంది. తెలుగులో ద కింద చిన్న గీత ఉంటే ధ, ప కింద ఉంటే ఫ, డ కింద ఉంటే ఢ. ఆ గీత తెర మీద ఒకటి రెండు పిక్సెళ్లు. ఫేజ్ కాస్త తప్పితే పక్క పిక్సెల్‌లో కలిసిపోతుంది. విండోస్‌లోని క్లియర్‌టైప్ ప్రతి పిక్సెల్‌లోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం భాగాలని విడివిడిగా లెక్కపెట్టి అక్షరం గీస్తుంది, అనలాగ్‌లో ఆ లెక్క చెదురుతుంది. ప్రూఫ్ చూసేవాళ్లు రోజుకి ఎనిమిది గంటలు ఆ గీత కోసమే తెరకి ముఖం ఆనించి కూర్చుంటారు. పెళ్లి శుభలేఖలో పేరు తప్పు పడితే తిట్లు తినేదీ వాళ్లే. కేబుల్ ఖర్చు ఎంతని, వాళ్ల కళ్ల ముందు?

సోల్డర్ మర్రిపాలెం:
రెండు పోర్టులూ ఉన్న చోట హెచ్‌డీఎంఐ పెట్టండి, నేను కాదనను. వీజీఏ ఒక్కటే ఉన్నవాటి మీద ప్రూఫ్ చూడకూడదంటే మాత్రం ఒప్పుకోను. 3+6 కేబుల్, సరైన ఫేజ్ ఉంటే ధ కింద గీత కనిపిస్తుంది.

పెదవాల్తేరు పిక్సెల్:
మొదటి రోజు కనిపిస్తుంది. ఆరో నెలలో ఫేజ్ ఎవరు తిప్పుతారన్నదే నా భయం. అక్కడ మనిద్దరికీ కుదరదు.

కంచరపాలెం చిన్నా:
1360 ఉందండీ. గీత లావు సంగతి ఇప్పుడే గమనించాను.

గాజువాక డీటీపీ:
ఇంటెల్‌లో రేంజ్ ఫుల్ చేశాను, మానిటర్‌లో ఓవర్‌స్కాన్ ఆఫ్ చేశాను. నలుపు నల్లగా వచ్చింది, టాస్క్‌బార్ పూర్తిగా కనిపిస్తోంది. 10 పాయింట్ అక్షరంలో ఢ, డ తేడా తెలుస్తోంది. ఎర్త్ కూడా చూపించాను, నాలుగు సాకెట్లలో ఒకదానికి లేదు, రేపు వేయిస్తున్నాను. 11 కేబుళ్లు తెస్తాను, 1.5 మీటర్లవి చాలుతాయి. ఆ 12 కాక బిల్లింగ్ టేబుల్ మీద ఒక పాత మానిటర్ ఉంది, దానికి వీజీఏ ఒక్కటే. దాని కొత్త సీపీయూకి వీజీఏ లేదు. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చే తీగ ఒకటి తెచ్చాను, బొమ్మే లేదు.

సోల్డర్ మర్రిపాలెం:
రెండు చివరలా ప్లగ్గులు తప్ప మధ్యలో డబ్బా గానీ లావు తల గానీ లేకపోతే అది ఉత్త తీగ. డిజిటల్‌ని అనలాగ్ చేయడానికి లోపల చిప్ ఉండాలి. చిప్ ఉన్న కన్వర్టర్ అని అడిగి తెచ్చుకోండి. అది హెచ్‌డీఎంఐ పోర్టు నుంచే 5 వోల్టులు తీసుకుంటుంది, కొన్ని పోర్టులు సరిపడా ఇవ్వవు. పక్కన యూఎస్‌బీ పవర్ తీగ పెట్టుకునే వీలున్నదైతే మేలు. అది పెట్టాక 1024×768 దాటకపోతే వీజీఏ కేబుల్‌లో 12, 15 పిన్నుల కంటిన్యుటీ, అంటే తీగ ఈ చివర నుంచి ఆ చివరకి తెగకుండా ఉందా అని, మల్టీమీటర్‌తో చూడండి. మానిటర్ తన రిజల్యూషన్ చెప్పేది ఆ రెండు తీగల మీదే, 3+2 కేబుళ్లలో అవే ఉండవు. 9వ పిన్ను లేకపోయినా కంగారు పడకండి, చాలా కేబుళ్లలో ఉండదు.

గాజువాక డీటీపీ:
చూశాను. 12 ఉంది, 15 లేదు.

సోల్డర్ మర్రిపాలెం:
ఆ కేబుల్ పారెయ్యకండి, తీసుకురండి. కొత్త తల వేసిస్తాను.