తుంటి గిన్నె వాలు 52 డిగ్రీలు ఉందంటున్నారు: మళ్లీ ఆపరేషన్ అవసరమా?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి పల్లె. తుంటి బంతికి రక్తం అందక ఎముక కుంగిపోవడంతో, 58 ఏండ్ల మా బాపుకు ఎనిమిది నెలల కింద కుడివైపు కీలు మార్పిడి చేయించాము. నొప్పి పోయింది, పత్తి చేను దాకా నడిచి వస్తున్నాడు. అయితే మొన్న హనుమకొండలో తీయించిన ఎక్స్‌రే చూసిన ఒకరు, గిన్నె (బంతి తిరగడానికి కటి ఎముకలో అమర్చిన భాగం) వాలు 52 డిగ్రీలు ఉందని, 50 దాటకూడదని అన్నారు. అప్పటి నుండి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: నేను వరంగల్‌లో తుంటి, మోకాలు ఆపరేషన్లు అయినవారికి వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టును. నొప్పి లేకుండా నడుస్తున్న మనిషికి, కేవలం ఆ అంకెను చూసి మళ్లీ ఆపరేషన్ చేయరు. దయచేసి ముందు ఆ భయం వదిలిపెట్టండి.

ఆ 50 ఎక్కడిదంటే, 1978లో లెవినెక్, ఆయన సహచరులు 300 తుంటి మార్పిడులను పరిశీలించి, గిన్నె వాలు 30 నుండి 50 డిగ్రీల మధ్య, అది ముందుకు తిరిగి ఉండే కోణం 5 నుండి 25 డిగ్రీల మధ్య ఉంటే కీలు జారడం, అంటే బంతి గిన్నెలోంచి బయటికి రావడం, తక్కువని చెప్పారు. ఆ హద్దులో ఉన్నవాటిలో 1.5 శాతం, దాటినవాటిలో 6.1 శాతం జారాయి. అంటే హద్దు దాటినవాటిలోనూ నూటికి తొంభైకి పైగా జారలేదు. మరోవైపు, అమెరికాలోని మేయో క్లినిక్ ఆసుపత్రి వైద్యులు 2016లో ప్రచురించిన పరిశీలనలో, జారిన తుంటుల్లో 58 శాతానికి గిన్నె ఆ హద్దు లోపలే ఉంది. పైగా ఎక్స్‌రే తీసేటప్పుడు నడుము కొంచెం ఒరిగినా కోణం తేడాగా కనిపిస్తుంది.

అయినా ఆ వాలును పట్టించుకోకుండా ఉండకూడదు. ఆ అంకె పెరిగి గిన్నె నిటారుగా ఉన్నకొద్దీ శరీర బరువంతా దాని పై అంచు మీదనే పడుతుంది. లోపలి ప్లాస్టిక్ పొర అక్కడ ముందుగా అరిగితే, రాలిన సన్నని రేణువులకు శరీరం ప్రతిస్పందించి చుట్టూ ఉన్న ఎముకను తినేస్తుంది, ఏండ్లు గడిచాక గిన్నె వదులవుతుంది. ఇదంతా చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది కాబట్టి, బాగానే నడుస్తున్నాడు కదా అని ఎక్స్‌రేలు మానకండి.

ప్రశ్న: బాపుకు నడుము చాలా ఏండ్లుగా పట్టేసి ఉంటుంది, వంగలేడు. అన్నానికి మాత్రం కిందనే కూర్చుంటానంటాడు. దీనికీ గిన్నెకూ సంబంధం ఉందా?

జవాబు: చాలా ఉంది, నాకు 52 కంటే ఈ సంగతే ఎక్కువ ముఖ్యంగా కనిపిస్తున్నది. మనం కూర్చున్నప్పుడు కటి ఎముక వెనక్కి ఒరుగుతుంది, దానితోపాటు గిన్నె ముందువైపు తెరుచుకుని, పైకి లేచే తొడ ఎముకకు చోటిస్తుంది. నడుము బిగుసుకుపోయినవారిలో ఈ ఒరుగుడు సరిగా జరగదు. అప్పుడు తొడ ఎముక మెడభాగం గిన్నె ముందు అంచుకు తగిలి, బంతి వెనక్కి జారే ప్రమాదం ఉంటుంది. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో ఇది తెలియదు. కాబట్టి ఆపరేషన్ చేసిన డాక్టరు గారికి నడుము సంగతి చెప్పి, నిలబడి, కూర్చుని పక్కవైపు నుండి ఎక్స్‌రేలు అవసరమా అని అడగండి. వారు చూసి చెప్పే వరకు గొంతుక్కూర్చోవడం, కింద కూర్చుని ముందుకు వంగడం వద్దు. పీట కూడా ఎత్తు తక్కువే కాబట్టి కుర్చీలోనే అన్నం పెట్టండి, మరుగుదొడ్డికి కమోడ్ వాడండి.

ఇంకొకటి, డిశ్చార్జి కాగితాల్లో అమర్చిన భాగాల స్టిక్కర్లు అంటించి ఉంటాయి, వెతకండి.

ప్రశ్న: దొరికాయి. బంతి 36 మిల్లీమీటర్లు, పొర క్రాస్‌లింక్డ్ పాలిథిలిన్ అని ఉంది.

జవాబు: సంతోషం. పెద్ద బంతి గిన్నె దాటి బయటికి రావాలంటే ఎక్కువ దూరం కదలాలి, కాబట్టి అంత సులభంగా జారదు. ఈ రకం పొర పాత ప్లాస్టిక్ కంటే చాలా తక్కువగా అరుగుతుంది. ఆ స్టిక్కర్లను ఫోటో తీసి దాచుకోండి. పాత ఎక్స్‌రే ఫిల్ములు పారేయకుండా, డాక్టరు గారు చెప్పిన గడువుకు ప్రతిసారీ ఒకే భంగిమలో కొత్తది తీయించి, పాతదాని పక్కన పెట్టి చూపించండి. పొర అరిగి బంతి గిన్నెలో పైకి జరుగుతున్నదా లేదా అన్నది అలా పోల్చినప్పుడే తెలుస్తుంది.