"ఆందోళన లక్షణాలు": ఈ మాట ఫ్రాయిడ్‌కి నప్పుతుందా?

మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ "ఆందోళన లక్షణాలు" దగ్గర ఆగిపోయాను. పేపర్లో రోజూ చూసే మాటే. గుండె దడ, చెమటలు, నిద్ర పట్టకపోవడం. అంటే ఆందోళన జబ్బు, అది బయటికి కనిపించే తీరు లక్షణం. కానీ 1926కి వచ్చేసరికి ఫ్రాయిడ్ చెప్పింది వేరు. ఆందోళన పుట్టకుండా అడ్డుపడేందుకే లక్షణం తయారవుతుందన్నాడు.

చేతులు పదేపదే కడుక్కునే మనిషినే తీసుకోండి. కడుక్కోనిచ్చినంతసేపూ నెట్టుకొస్తాడు. కుళాయి దగ్గరికి పోకుండా ఆపితే, అప్పుడు తన్నుకొస్తుంది తట్టుకోలేని గాబరా. వియన్నాలోని ఐదేళ్ల హాన్స్ సంగతి ఇంకా లోతైనది. గుర్రం కరుస్తుందని వీధిలోకి వెళ్లడు. ఫ్రాయిడ్ లెక్కలో వాడి అసలు భయం తండ్రంటే. ఆ తండ్రి రోజూ ఇంట్లోనే ఉంటాడు, పైగా ఆయనంటే ప్రాణం కూడా. గుర్రమైతే వీధిలో ఉంటుంది, గడప దాటకపోతే చాలు, ఆందోళన పుట్టదు.

అందుకే "ఆందోళన యొక్క లక్షణం" అని షష్ఠీ తత్పురుష చేసేస్తే ఇక్కడ అర్థం తలకిందులవుతుంది. "ఆందోళనకు అడ్డుగా నిలిచే లక్షణం" అని విడదీసి రాశాను. పొడుగైనా సరే.

వ్యాఖ్య: ఆందోళన అంటే నాకు రైతుల ధర్నా గుర్తొస్తుందండీ. "బెంగ" అనకూడదా?

జవాబు: మంచి మాట పట్టుకున్నారండీ. హాస్టల్లో వేసిన వారానికే పిల్లాడికి జ్వరమొస్తే మా అమ్మమ్మ "బెంగ పెట్టుకున్నాడు, వాళ్లమ్మని పంపండి" అనేది. పిల్లల ఆందోళనని ఫ్రాయిడ్ కూడా అక్కడికే తెచ్చాడు. చీకటైనా, ఒంటరితనమైనా, అమ్మ ఉండాల్సిన చోట కొత్త ముఖమైనా, కావలసిన మనిషి లేకపోవడమే. 1905లో ఆయన రాసిన మూడేళ్ల పిల్లాడు చీకటి గదిలోంచి పిన్నిని మాట్లాడమంటాడు. నేను కనపడను కదా, ఏం లాభం అంటే, ఎవరైనా మాట్లాడితే వెలుతురొస్తుందంటాడు. అది అచ్చంగా బెంగే.

అయితే జర్మన్‌లో ఆయన వాడిన "ఆంగ్స్ట్" మాటకి మూలం ఇరుకు. ఊపిరి బిగుసుకోవడం అందులో ఉందని ఆయనే గుర్తుచేశాడు. బెంగలో అన్నం సయించదు గానీ ఊపిరి బిగుసుకోదు. పిల్లల దగ్గర బెంగ, పెద్దవాళ్ల దగ్గర గాబరా అని రాద్దామనుకుంటున్నాను. ఊపిరి సలపని భయానికి మీ వైపు వేరే మాట ఉంటే చెప్పండి.